ఈత పోటీలలో పాయింట్ల లెక్క

ఈత, ఉర్దూలో చెప్పుకొనే తైరాకీ, మన హుస్నాబాద్ ప్రాంతానికి కొత్త విద్య కాదు. నడుముకు బెండ్లు కట్టించుకొని వ్యవసాయ బావులలో ఈత నేర్చినవారు మనలో ఎందరో ఉన్నారు. అయితే ఈతను జట్టు క్రీడగా భావించి గెలుపోటములను లెక్కగట్టే పద్ధతి చాలమందికి అపరిచితం. తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడిన అమెరికాలో ఉన్నత పాఠశాలలు అనుసరించే ఆ పద్ధతిని విద్యార్థినీ విద్యార్థుల కొరకు ఇచ్చట వివరించదలచాము.

రెండు పాఠశాలల నడుమ జరిగే పూర్తి పోటీలో 12 అంశాలుంటాయి. అందులో మూడు రిలేలు; తక్కిన తొమ్మిది వ్యక్తిగతమైనవి. ఈ తొమ్మిదింటిలో ఒకటి డైవింగు, ఎనిమిది ఈత పందెములు. ఆరు లేన్లున్న కొలనులో వ్యక్తిగత అంశాలకు మొదటి ఐదు స్థానాలవారికి వరుసగా 6, 4, 3, 2, 1 పాయింట్లు లభిస్తాయి. రిలేలో మొదటి మూడు స్థానాలకు 8, 4, 2. అనగా వ్యక్తిగత అంశాలలో ఒక్కొక్క దానికి 16 చొప్పున 144, రిలేలలో 14 చొప్పున 42, వెరసి 186 పాయింట్లు. ఇందులో 94 సంపాదించిన జట్టును ఓడించుట అసాధ్యం.

ఈ లెక్కలోని మర్మం ఒక ఉదాహరణతో బోధపడుతుంది. ఒక పందెంలో జట్టుకు ముగ్గురు చొప్పున ఆరుగురు దిగారనుకొందాం. మొదటి స్థానం, ఐదవ స్థానం, ఆరవ స్థానం ఒక జట్టుకు దక్కితే దాని పాయింట్లు 7. రెండు, మూడు, నాలుగు స్థానాలు పొందిన రెండవ జట్టుకు 9. పందెం గెలిచినవాడు ఒక జట్టువాడు. ఆ అంశంలో ముందంజ వేసినది మరొక జట్టు!

పైగా ఒక విద్యార్థి నాలుగు అంశాలకు మించి పాల్గొనరాదు. వాటిలో వ్యక్తిగతమైనవి రెండుకు మించరాదు. కనుక ఎంతటి ప్రతిభావంతుడైనను తానొక్కడుగా తేగలిగినవి 12 పాయింట్లే. మిగిలినవి తోడివారు తేవలసినవే.

ఇద్దరు సమానంగా గమ్యం చేరితే ఆ రెండు స్థానాల పాయింట్లను కలిపి చెరిసగం పంచుతారు. ప్రథమ స్థానంలో అయితే చెరి 5. నియమం తప్పినవారికి పాయింట్లుండవు. బ్రెస్ట్ స్ట్రోక్, బటర్‌ఫ్లై ఈతలలో గోడను రెండు చేతులతో ఒకేసారి తాకాలి. రిలేలో ముందువాడు గోడను తాకకముందే తరువాతివాడు దూకితే నలుగురి శ్రమా వృథా అవుతుంది.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో 100 మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచిన సచిన్ నాగ్‌ను, 1986లో సియోల్‌లో రజతం సాధించిన ఖజాన్ సింగ్‌ను దేశం గౌరవంతో స్మరిస్తుంది. అది ఉచితమే. కాని మన విద్యాసంస్థల వార్షిక క్రీడోత్సవాలలో బహుమతులు సాధారణంగా మొదటి ముగ్గురితో ఆగిపోతాయి. అందుచేత గెలువలేనని ముందే తలచిన విద్యార్థి పేరు ఇచ్చుటకే సంకోచిస్తాడు. మైదానంలో పదిమంది పరుగెత్తుతారు. వందమంది గట్టున కూర్చుంటారు.

పరుగుపందెములలోనైనా తరగతుల వారీగా ఐదవ స్థానం వరకు పాయింట్లు లెక్కించే విధానాన్ని, విద్యార్థినుల పోటీలకు సైతం, ప్రవేశపెట్టవలసిందిగా కళాశాల కమిటీవారికి మేము మనవి చేస్తున్నాము. ఇందుకు కొలను అక్కరలేదు, ధనవ్యయం లేదు. ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క చాలు. ఐదవవాడు తెచ్చిన ఒక్క పాయింటు తరగతిని గెలిపించిన నాడు, ఆరవవాడు సైతం మరుసటి ఏడు సాధనకు పూనుకొంటాడు.