దుప్పి కూరకు రమ్మన్నారు... తాత ఒక్క ప్రశ్న అడిగాడు

దీపావళికి వారం ముందు సంగతి. ఆఫీసు వీడియో కాల్‌లో పని మాటలు అయిపోయాయి. కొలరాడోలో ఉండే మా టీమ్‌మేట్ స్క్రీన్ షేర్ చేసి ఓ ఫొటో చూపించాడు. మంచు పడిన కొండ, ముగ్గురు మనుషులు, వాళ్ల కాళ్ల దగ్గర పేద్ద కొమ్ములున్న ఎల్క్. తాత, తండ్రి, తను. "అక్టోబర్ వస్తే మా ఇంట్లో ఇదే పండగ" అన్నాడు. తర్వాత మామూలుగానే అడిగాడు, "మీ ఇంట్లో ఎవరైనా వేటకెళ్తారా?"

నేను మైక్ మ్యూట్‌లోనే ఉంచేశా. నెట్ సరిగ్గా లేనట్టు చాట్‌లో ఓ స్మైలీ పెట్టి ఊరుకున్నా.

ఎందుకంటే మాది జైనూర్. గోండు కుటుంబం. మా తాత వేటగాడు, ఆయన తండ్రీ వేటగాడే. హైదరాబాద్‌లో ఆరేళ్లుగా ఉద్యోగం చేస్తున్నా, ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అక్కడ అది ఫ్యామిలీ ఫొటో. ఇక్కడ అది కేసు.

అక్కడ లైసెన్సు, ఇక్కడ నిషేధం

ఎల్క్ అంటే జింక జాతిలో బాగా పెద్దది. మన అడవుల్లో దానికి దగ్గరగా కనిపించేది కణితి. సాంబార్ అంటే చాలామందికి తెలుస్తుంది. మగది రెండు వందల కిలోలు దాటుతుంది. మనం ఎక్కువగా చూసే చుక్కల దుప్పి దానిముందు చిన్నపిల్ల.

అమెరికాలో ఎల్క్‌ను వేటాడాలంటే లైసెన్సు కొనాలి. ఏ నెలలో, ఎక్కడ, ఎన్ని అన్నది ప్రభుత్వమే చెబుతుంది. 1937లో వచ్చిన ఒక చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే పన్ను వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది.

మన దారి వేరు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇప్పుడు అభయారణ్యంలో వేటాడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు. 2006 అటవీ హక్కుల చట్టం మావాళ్లకు సాగు భూమి మీద, తునికాకు మీద, ఇప్పపువ్వు మీద హక్కు ఇచ్చింది. సంప్రదాయంగా అనుభవిస్తున్న మిగతా హక్కులనూ ఒప్పుకుంది. ఒక్కటి మాత్రం తీసేసింది, వేట. ఆ లైన్‌ను నేను ఫోన్‌లో మూడుసార్లు చదివా. అలాంటి సంప్రదాయం ఉందని చట్టమే ఒప్పుకుని, అదే వాక్యంలో కాదనడం వింతగా అనిపించింది.

తప్పంటారా? అననంటాను. అడవి తగ్గింది, జనం పెరిగారు. అందరూ వేటకు పోతే ఏమీ మిగలదు. జన్నారం వైపున్న కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. ఒక పులి బతకాలంటే ఏడాదికి దాదాపు 50 జంతువులు కావాలి. దుప్పులు లేకపోతే పులి ఆవుల మీద పడుతుంది, ఆ తర్వాత మనుషులకూ పులికీ మధ్య గొడవే.

కానీ ఆ చట్టంతో పాటు మా ఇంట్లో ఇంకోటి కూడా ఆగిపోయింది. అదేంటో ఈ దండారికి ఊరెళ్లాకే తెలిసింది.

తాత చెప్పిన వేట

మా మండలంలోనే మార్లవాయి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం చనిపోయాక, గోండుల బాధలేంటో తెలుసుకోమని నిజాం సర్కారు హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడిని నియమించింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలోనే గుడిసె వేసుకుని ఉన్నారు. వాళ్లిద్దరి సమాధులూ అక్కడే ఉన్నాయి. మా ముత్తాత ఆ దొరను చూశాడట. తాత మాత్రం అప్పటికింకా పుట్టలేదు.

తాతకు ఇప్పుడు ఎనభై. ఊళ్లో గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఆడుతుంటే, అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. ఎల్క్ ఫొటో చూపించా. కొమ్ములు లెక్కపెట్టి, "మంచిగ బలిసింది" అన్నాడు. అంతే, మాటలు మొదలయ్యాయి. మేం ఇంట్లో గోండిలోనే మాట్లాడుకుంటాం. మీకోసం తెలుగులో రాస్తున్నా.

"ఇప్పపువ్వు రాలే రోజుల్ల తెల్లారకముందే దుప్పులు చెట్ల కిందికి వస్తయి. గాలి ఎటు కొడుతున్నదో చూస్కోవాలె. కొండెంగలు ఎక్కడుంటే దుప్పులు అక్కడుంటయి. పైనుంచి అవి ఆకులు తెంపి పడేస్తయి, ఇవి తింటయి."

"మరి మీరు ఎన్ని కొట్టేటోళ్లు తాతా?"

"రోజూ దొరుకుతయా? నాలుగుసార్లు పోతే మూడుసార్లు ఉత్త చేతులే. దొరికిననాడు ఊరందరికీ పాలు. మగదిక్కు లేని ఇంటికి ముందుగాల పంపాలె. కడుపుతోని ఉన్నదాన్ని, పిల్లతోని ఉన్నదాన్ని ముట్టొద్దు."

1972లో చట్టం వచ్చేనాటికి తాతకు ఇరవై ఏడేళ్లు, దాదాపు నా వయసు. ఆ వార్త మా ఊరికి పేపర్లో రాలేదు. ఫారెస్టోళ్లు వచ్చి చెప్పారు. కొన్నాళ్లకు విల్లు అటక మీదికి పోయింది, తర్వాత చెదలు తినేసింది.

"బాపుకి ఎందుకు నేర్పలేదు?" అన్నా.

తాత బాపు వైపు చూశాడు. "నేర్పితే అడవికి పోతడు. పోతే పట్టుకుంటరు. అందుకే ఏం చెప్పలే. అడుగు చూసుడు కూడ చెప్పలే."

బాపు తల దించుకుని బీడీ వెలిగించాడు. ఆయనకు పత్తి తెలుసు, సోయా తెలుసు. ఇంటి వెనకున్న అడవి తెలియదు. యాభై ఐదేళ్ల మనిషి.

ఆ మెసేజ్

ఆ సాయంత్రమే వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పక్క ఊళ్లో ఉండే పాత క్లాస్‌మేట్. "మామా, రాత్రికి దుప్పి కూర. వస్తున్నవా?"

నిజం చెప్తున్నా, నోరూరింది. తాత కథలు విన్న మత్తులో ఉన్నా కదా. మా తాతలు తిన్నదే, నేను తింటే ఏమైంది అనిపించింది. తాతకు చెప్పా. ఆయన సంతోషపడతాడనుకున్నా.

ఆయన ఒక్కటే అడిగాడు. "ఎట్ల చంపిండ్రు?"

ఫోన్ చేసి కనుక్కున్నా. చేను చుట్టూ కరెంటు తీగ. అడవిపందుల కోసం పెట్టాడట, దుప్పి పడింది.

తాత చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "తీగకు కండ్లుంటయారా? కడుపుతోని ఉన్నదా, పిల్లనా, బర్రెనా, మనిషా, చూస్తదా? అది వేట కాదు. ఆ కూర మనింట్లకు రావద్దు."

పంట పోయినవాడి కోపం నాకు తెలుసు. ఒక్క రాత్రిలో మక్క చేను పందులపాలైతే ఇంట్లో ఎలా ఉంటుందో చిన్నప్పుడే చూశా. పంట నష్టానికి సర్కారు పరిహారం ఉంది, దానికోసం తిరగడం ఇంకో పంట పండించినంత పని. అయినా ఆ తీగ మీద రేపు పొద్దున ఎవరి కాలు పడుతుందో ఎవరికి తెలుసు? చీకట్లో తీగ తగిలి పులులు చనిపోయాయి, మనుషులూ చనిపోయారు.

క్లాస్‌మేట్‌కు మళ్లీ ఫోన్ చేశా. "నేను రాను. ఈ రాత్రే తీగ తీసెయ్. పరిహారం అప్లికేషన్ నేను రాసిస్తా" అన్నా. "సిటీకి పోయి పెద్దోడివైనవ్ లే" అని పెట్టేశాడు. మర్నాడు తీగ తీశాడని తెలిసింది. నాతో మాత్రం ఇప్పటికీ మాట్లాడటం లేదు.

వాగు దగ్గర

మర్నాడు తెల్లవారుజామున తాత నన్ను లేపాడు. బాపు అప్పటికే చెప్పులేసుకుని నిలబడ్డాడు. ముగ్గురం ఊరవతల వాగు దాకా నడిచాం. ఒడ్డున బురద ఇంకా ఆరలేదు.

తాత చేతికర్రతో ఒక గుర్తు చూపించాడు. "ఇది దుప్పిది. సన్నగ, ముందర మొనదేలి ఉన్నది. గిది కణితిది, వెడల్పు చూడు. అంచులు ఇంక విరగలే, రాత్రి పోయిందే."

బాపు వంగి వేలితో కొలిచాడు. "మరి మగదా, ఆడదా?" అని అడిగాడు. తాత ఆయన వైపు ఒక్క క్షణం చూసి, పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.

నాలుగేళ్లకోసారి దేశమంతా పులుల లెక్క తీస్తారు. అప్పుడు అడవుల్లో దుప్పుల్ని, కణితుల్నీ లెక్కిస్తారు. అడుగులు, పెంటికలు చూసి, యాప్‌లో నమోదు చేస్తారు. ఊళ్లవాళ్లను వాచర్లుగా, ట్రాకర్లుగా తీసుకుంటారు. యాప్ నాలాంటివాడు రాయగలడు. కానీ ఏ అడుగు ఎప్పటిదో చెప్పాలంటే తాతలాంటివాడు కావాలి. అలాంటివాళ్లు మా చుట్టుపక్కల ఎందరు మిగిలారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఈ సంక్రాంతికి కూడా వెళ్తున్నా. తాత చెప్పేదంతా వీడియో తీసుకోవాలి.

హైదరాబాద్ వచ్చాక, తర్వాతి సోమవారం కాల్‌లో స్క్రీన్ షేర్ చేశా. బురదలో ఒక గిట్ట గుర్తు, పక్కన తాత చేతికర్ర. "మా ఇంట్లో కూడా మూడు తరాలం వెళ్లాం" అన్నా.

"ఇదేంటి?" అన్నాడు కొలరాడో ఫ్రెండ్.

"కణితి. ఆడది. రాత్రి దాటింది. వెనకాల చిన్న గుర్తులు చూశావా? పిల్ల కూడా ఉంది."