ఎనభై ఏడో వంతు రైలు

అసలు రైలును కొలత తప్పకుండా కుదించి, బల్ల మీద పరిచిన పట్టాలపై కరెంటుతో నడిపే యంత్రాన్ని నమూనా రైలు అంటారు. ఆకారాన్ని ఎంతకైనా కుదించవచ్చు గానీ బరువు, రాపిడి, విద్యుత్తు, దుమ్ము ఆ పాళ్లలోనే కుదించుకుపోవు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 87వ వంతుకు తగ్గినప్పుడు బరువు దాదాపు ఆరున్నర లక్షల్లో ఒక వంతుకు పడిపోతుంది. వారణాసి కర్మాగారంలో 1964 నుంచి తయారై, కాజీపేట, గుత్తి షెడ్ల నుంచి దశాబ్దాలపాటు బండ్లు లాగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను సుమారు 113 టన్నులు తూగుతుంది. ఈ లెక్కన దాని నమూనా 171 గ్రాములు మాత్రమే ఉండాలి. అంత తేలికైన ఇంజనుకు పది పెట్టెలు తగిలిస్తే బండి కదలదు, చక్రాలు మాత్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. అందుకే తయారీదారులు దాని కడుపులో లోహపు దిమ్మెలు పేర్చి బరువును కావాలనే పెంచుతారు. ఈ యంత్రం ఇన్నేళ్లలో పొందిన మార్పుల్లో ముఖ్యమైనవన్నీ ఇలా మాట వినని భౌతిక ధర్మాలకు మనుషులు వెతుక్కున్న జవాబులే.

19వ శతాబ్దపు ఇంగ్లండులో ఇత్తడి ఆవిరి ఇంజను బొమ్మలు విరివిగా అమ్ముడయ్యేవి. చిన్న స్పిరిటు దీపంతో నీళ్లు మరిగించి వాటిని నేల మీదే వదిలేవారు. పట్టాలు లేని ఆ ఇంజన్లు పోయిన దారి పొడవునా నీళ్లు కార్చుకుంటూ గోడకో కుర్చీకో తగిలి ఆగేవి. జర్మనీలోని గోపింగెన్ పట్టణంలో 1859లో బొమ్మరిళ్లకు రేకు సామాను చేసే దుకాణంగా మొదలైన మార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ వసంతకాలపు సంతలో ప్రదర్శించిన రైలు వీటికి పూర్తిగా భిన్నమైనది. కీ ఇస్తే నడిచే ఆ రైలు ఎనిమిది అంకె ఆకారంలో అమర్చిన పట్టాల మీద తిరిగింది. అయితే చరిత్రలో దానికి స్థానం దక్కింది అది తిరిగినందుకు కాదు. రెండు పట్టాల మధ్య దూరాన్ని, అంటే గేజిని, కొన్ని స్థిరమైన కొలతలకు కట్టి వాటికి సంఖ్యలు ఇచ్చినందువల్ల, ఈ ఏడాది కొన్న పట్టాలకు వచ్చే ఏడాది కొనే పట్టాలు, దారి మార్చే పాయింట్లు, పెట్టెలు తప్పకుండా అమరేవి. ఒకసారి కొని పక్కన పడేసే వస్తువు కాస్తా ఏటేటా పెరిగే రైలుమార్గం అయింది, నేడు లేఅవుట్ అంటున్నది అక్కడే పుట్టింది.

ఇళ్లలోకి కరెంటు ఇంకా సరిగా రాకముందే విద్యుత్తు ఈ బొమ్మల్లోకి వచ్చింది. అమెరికాలోని సిన్సినాటి నగరంలో కార్లైల్ అండ్ ఫించ్ సంస్థ 1890ల చివర్లో బ్యాటరీతో నడిచే రైళ్లను అమ్మింది. న్యూయార్కులో జాషువా లయొనెల్ కోవెన్ 1900లో స్థాపించిన లయొనెల్ సంస్థ తొలి బండిని దుకాణాల అద్దాల వెనక సరుకును తిప్పి చూపడానికి తయారుచేయగా, కొనుగోలుదారులు సరుకును వదిలి బండినే అడిగారని చెబుతారు. విద్యుత్తు ఒక చోటి నుంచి వచ్చి మరో దారిన తిరిగి పోతేనే మోటారు తిరుగుతుంది గనుక, లయొనెల్, మార్క్‌లిన్ వంటివారు నడుమ మూడో పట్టా వేసి దాని ద్వారా కరెంటును పంపి, పక్క పట్టాల గుండా వెనక్కి తెచ్చుకున్నారు. తరువాతి కాలంలో కుడి, ఎడమ చక్రాల మధ్య విద్యుత్తు దాటకుండా బంధకం పెట్టి, ఒక పట్టాను రాకకు, రెండోదాన్ని పోకకు వాడే రెండు పట్టాల పద్ధతి నిలదొక్కుకుంది. శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారుకు 12 వోల్టుల వరకు డీసీ కరెంటు ఇచ్చినప్పుడు ఏ పట్టా ధనం, ఏ పట్టా రుణం అన్నదాన్ని బట్టి ఇంజను ముందుకో వెనక్కో పోతుంది, వోల్టేజిని బట్టి వేగం మారుతుంది.

ఈ నమూనాల కొలతల్లో అత్యంత వ్యాప్తి పొందినది హెచ్‌ఓ. నమూనాకూ అసలు వస్తువుకూ ఉన్న నిష్పత్తిని స్కేలు అంటారు. హెచ్‌ఓ స్కేలు 1:87. ప్రపంచంలో ఎక్కువ దేశాలు అనుసరించే 1435 మిల్లీమీటర్ల గేజిని 87తో భాగిస్తే 16.5 మిల్లీమీటర్లు వస్తుంది. బ్రిటన్‌లో మాత్రం ఇక్కడ ఒక చిక్కు వచ్చి పడింది. అక్కడి వంతెనలు, సొరంగాలు తొలినాళ్లలోనే ఇరుకుగా కట్టినవి కావడంతో ఇంజన్లు కూడా చిన్నవి; వాటిని 87వ వంతుకు కుదిస్తే 1920, 30ల నాటి మోటార్లు ఆ పెంకులో పట్టలేదు. అందువల్ల ఇంజను ఒంటిని 76వ వంతుకు పెంచి, పట్టాలను మాత్రం 16.5 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచారు. నిజానికి ఆ స్కేలుకు పట్టాల మధ్య దూరం 18.8 మిల్లీమీటర్లు ఉండాలి. 1938లో హార్న్‌బీ డబ్లో పేరుతో వచ్చిన రైళ్లు ఈ రాజీని ఇంటింటికీ చేర్చగా, మోటార్లు ఎంతో చిన్నవైపోయిన నేటికీ చాలా బ్రిటిష్ నమూనాలు ఆ ఇరుకు పట్టాల మీదనే నడుస్తున్నాయి. ఒక తరం సాంకేతిక పరిమితి ఆ తరువాతి తరాలకు ప్రమాణంగా మిగిలిపోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

పట్టాల్లోని కరెంటే ఇంజనుకు శక్తి, అదే ఆజ్ఞ కూడా కావడం వల్ల ఒకే మార్గం మీద ఉన్న రెండు ఇంజన్లూ ఎప్పుడూ ఒకే దిక్కుకు పోయేవి. వాటిని విడివిడిగా నడపాలంటే మార్గాన్ని విద్యుత్తుపరంగా ముక్కలుచేసి, ఒక్కొక్క ముక్కకూ ఒక్కొక్క స్విచ్చు పెట్టవలసి వచ్చేది. అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థలో 1946లో ఏర్పడిన నమూనా రైల్వే క్లబ్బు విద్యార్థులు టెలిఫోను ఎక్స్ఛేంజిల రిలేలతో బల్ల కింద ఇందుకోసం ఒక పెద్ద నియంత్రణ వ్యవస్థనే నిర్మించారు. వారిలో కొందరు అదే పట్టుదలతో తొలితరం కంప్యూటర్ల వైపు మళ్లారు, 1962 నాటి స్పేస్‌వార్ ఆట రూపకర్త స్టీవ్ రస్సెల్ ఆ క్లబ్బు సభ్యుడే.

ఇంజన్లను విడివిడిగా నడపడంలోని ఈ ముడిని విప్పినది జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపకల్పన ఆధారంగా, అమెరికా జాతీయ నమూనా రైల్వే సంఘం 1990ల్లో ప్రమాణంగా స్వీకరించిన డిజిటల్ ఆజ్ఞా పద్ధతి. ఇందులో పట్టాల వోల్టేజి ఎప్పుడూ పూర్తిగానే ఉంటుంది, కాని దాని ధన, రుణ దిశలు క్షణక్షణం తారుమారవుతూ ఉంటాయి. ఒక్కొక్క అర్ధభాగం 58 మైక్రోసెకన్లు నిలిస్తే అది ఒకటి, దాదాపు 100 మైక్రోసెకన్లు నిలిస్తే సున్నా. ఈ ఒకట్లు, సున్నాల వరుసలో ఇంజను సంఖ్య, దానికి ఇచ్చే ఆజ్ఞ రెండూ ఉంటాయి. ఇంజనులోని డీకోడరు అనే చిన్న పలక తన సంఖ్య వినిపించినప్పుడే స్పందిస్తుంది. మంచి డీకోడరు మోటారుకు కరెంటును చిన్న చిన్న విడతలుగా ఇస్తూ, మధ్యలోని విరామాల్లో ఆ మోటారే పుట్టించే వోల్టేజిని కొలిచి అది ఎంత వేగంగా తిరుగుతున్నదో పసిగడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గుతున్నదని గ్రహించి, అవసరమైన మేరకు విడతల నిడివి పెంచుతుంది.

ఇంజను కొనేవారు సాధారణంగా రంగును, అక్షరాల ముద్రణను చూస్తారు. పరిశీలించవలసినది అడుగు భాగం. ఎన్ని చక్రాలు పట్టాల నుంచి కరెంటు తీసుకుంటున్నాయి, ఎన్ని చక్రాలకు మోటారు తిప్పుడు అందుతున్నది, ఇరుసుల మీద ఉన్నవి లోహపు పళ్లచక్రాలా ప్లాస్టిక్‌వా, మోటారు కదురుకు ఫ్లైవీల్ ఉన్నదా అన్నవి తెలుసుకోవాలి. అసలు రైలు కరెంటు పోయినా తన బరువుతో కిలోమీటర్ల దూరం దొర్లుతుంది, నమూనా మాత్రం పట్టా మీది చిన్న మసి మరకకే నిలిచిపోతుంది. ఫ్లైవీల్ అనే బరువైన ఇత్తడి చక్రం తన తిరుగుడులో దాచుకున్న శక్తితో ఆ మరకను దాటిస్తుంది. వాడిన ఇంజన్లు కొనేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పోతపోసిన జింకు మిశ్రమంలో సీసం కలుషితంగా చేరినచోట, గాలిలోని తేమ లోహపు రేణువుల సందుల్లోకి దిగి కొన్ని దశాబ్దాల్లో దాన్ని ఉబ్బించి, పగుళ్లు తెప్పించి, చివరికి వేళ్ల మధ్య పొడి చేస్తుంది. దీనికి మందు లేదు, మరమ్మతూ లేదు. అందువల్ల పాత ఇంజను చట్రం మీద వెంట్రుకంత గీతలు కనిపిస్తే, అది వచ్చిన అట్టపెట్టె ఎంత కొత్తగా ఉన్నా ఆ ఇంజనును వదులుకోవడమే మంచిది.

లేఅవుట్ నిర్మాణంలో మొదటి శత్రువు వంపు. హెచ్‌ఓలో సాధారణంగా దొరికే 36 సెంటీమీటర్ల వ్యాసార్ధపు వంపు నిజజీవితంలో 31 మీటర్ల వంపుతో సమానం. ప్రధాన మార్గపు బండి ఏదీ అందులో తిరగలేదు. రెండవది ఎత్తు. ఒక మార్గం మరో మార్గంపైగా దాటాలంటే సుమారు ఏడున్నర సెంటీమీటర్లు లేవాలి, వందకు మూడు చొప్పున ఎక్కితే అందుకు రెండున్నర మీటర్ల పొడవు కావాలి. రెండు పట్టాల పద్ధతిలో మార్గాన్ని చుట్టి తిరిగి అదే మార్గంలో కలిపితే ఎడమ పట్టా కుడి పట్టాను తాకి షార్ట్ సర్క్యూట్ అవుతుంది కాబట్టి, ఆ వలయానికి రెండు కొసలా పట్టాలను కోసి, వేరే స్విచ్చుతో కరెంటు ఇవ్వాలి. పట్టాల అతుకులను నమ్ముకోకుండా, బల్ల కింద లావు తీగలు వేసి ప్రతి ముక్కకూ సన్న తీగ టంకం పెట్టడం ఓపిక కోరే పని, కాని బండి రెండేళ్ల తరువాత కూడా నడుస్తుందా లేదా అన్నది ఆ పని మీదే ఆధారపడుతుంది.

భారతీయ రైళ్లను నమూనాగా చేయదలచినవారికి గేజి మళ్లీ అడ్డం వస్తుంది. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19.3 మిల్లీమీటర్లు. అంగడిలోని 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద మన పెట్టె నిలబెడితే ఒళ్లు విశాలంగా, కాళ్లు దగ్గరగా కనిపిస్తుంది. ఆ పట్టాలనే కొలతగా తీసుకుంటే స్కేలు 1:102 అవుతుంది, ఆ స్కేలులో ఇళ్లు, సిగ్నళ్లు దొరకడం కష్టం. మీటరు గేజికి మాత్రం అదృష్టం కలిసివచ్చింది. స్విట్జర్లాండు కొండల్లోని మీటరు గేజి రైళ్ల కోసం 12 మిల్లీమీటర్ల పట్టాలు ఎప్పటినుంచో తయారవుతున్నాయి, 87వ వంతు లెక్కకు కావలసినది 11.5. ఒకప్పటి సికింద్రాబాద్ - మన్మాడ్ మీటరు గేజి మార్గాన్ని బల్ల మీద పరచదలచినవారు ఆ పట్టాలు కొనుక్కుని, మీటరు గేజికి చెందిన వైపీ రకం ఆవిరి ఇంజను పెద్ద చక్రాల వ్యాసం 1372 మిల్లీమీటర్లు గనుక, 15.8 మిల్లీమీటర్లకు దగ్గరగా చక్రాలున్న పాత చట్రాన్ని వెతికి, దాని గేజిని సరిచేసి, పై పెంకును ఇత్తడి రేకుతో తామే కట్టుకోవలసి ఉంటుంది.