చవుకలో దొరకు మంచి ఇయర్‌ఫోనులు

ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి బస్సులో పోవునపుడు మనము పాట వినగోరి, ఇంజను రొదను మించుటకై ధ్వనిని పెంచుచుందుము. చెవికి కీడు అచ్చటనే కలుగుచున్నది. పెద్దలు 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటల వరకు వినవచ్చుననియు, 90 డెసిబెల్లులైనచో 4 గంటలు మాత్రమే తగుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు.

కావున సోదరీమణులు బయటి రొద నాపు ఇయర్‌ఫోనులనే కొనవలయును. ఇందులకు అధిక ధనమక్కరలేదు. చెవిరంధ్రములో బిగువుగా నమరు మెత్తని రబ్బరు తొడుగే ఆ పని చేయును. సాధారణముగా పెట్టెలో మూడు కొలతల తొడుగు లుండును. మేము మొదట కొన్నవి మాటిమాటికి జారిపోవుచుండగా వస్తువే చెడ్డదని నిందించితిమి. చిన్న తొడుగు మార్చగానే రొద తగ్గి, తక్కువ ధ్వనిలోనే మృదంగము సయితము చక్కగా వినవచ్చినది. రవికకు కొలత చూచుకొను మనము చెవికి చూచుకొనమాయెను! రెండు చెవులకును ఒకే కొలత సరిపోకపోవచ్చును.

నురుగు తొడుగులు రొదను మరింత బాగుగా నాపును గాని త్వరగా మాసి చెడును. రబ్బరు తొడుగులను ఊడదీసి సబ్బునీట కడిగి ఆరబెట్టుకొనవచ్చును.

రోడ్డు దాటునపుడు వీనిని తప్పక తీసివేయవలయును. ఇంట పసిబిడ్డ నిద్రించుచున్నచో ఒక్క చెవికే పెట్టుకొనుట మేలు.