పాత డీజిల్ ఇంజన్ నమూనాకు గొంతు అమర్చడం ఎలా?

ఆవని కొండ పరిసర గ్రామాలకు రైలుపట్టాలు లేవు. ముళబాగిలు తాలూకావాసులు రైలెక్కాలంటే కోలారుకో, బంగారుపేటకో, కేజీఎఫ్‌కో వెళ్లవలసిందే. అయినప్పటికీ ఈ సరిహద్దు పల్లెల్లో రైలుతో సంబంధం లేని కుటుంబం అరుదు. కొందరు బెంగుళూరుకు కూలిపనులకు వెళ్లివచ్చేవారు, కొందరు రైల్వే ఉద్యోగులు, కొందరు గనుల కాలంలో మారికుప్పం రైలులో ప్రయాణించినవారు. జోలార్‌పేట నుంచి బెంగుళూరు దండు వరకు పట్టాలు పడినది 1864లో. బంగారుపేట నుంచి బంగారు గనుల వైపు శాఖామార్గం ఏర్పడినది 1894లో. ఆవిరి ఇంజన్ల తరువాత, విద్యుత్ ఇంజన్లు రాకముందు, కామసముద్రం, బిసానత్తం, గుడుపల్లి, కుప్పం మీదుగా సాగే మార్గంలో వినిపించినది డీజిల్ ఇంజన్ల గర్జనే. నేడు ఆ మార్గమంతా విద్యుదీకరణ పొందింది. దేశంలోని బ్రాడ్‌గేజ్ మార్గాలు దాదాపు అన్నీ అదే స్థితికి చేరాయి. ఆ గర్జన రోజురోజుకూ అరుదవుతున్నది.

ఇంట్లో భద్రపరచుకున్న పాత రైలు నమూనాకు ఆ శబ్దాన్ని తిరిగి ఇచ్చే సాధనం ఒకటి ఉన్నది. దానినే డిజిటల్ సౌండ్ డీకోడర్ అంటారు. గోరంత వెడల్పు, వేలి పొడవు ఉండే ఈ చిన్న పలకను కొత్త నమూనాలలో బిగించడం తేలిక. పాత నమూనాల విషయం వేరు. తొందరపడితే ఖరీదైన పలక ఒక్క క్షణంలో కాలిపోతుంది. అందుచేత ఈ పనిలోని క్రమాన్ని ముందుగా గ్రహించడం అవసరం.

ఆ గర్జన ఎక్కడిది?

మన ప్రాంతంలో ఎక్కువగా తిరిగిన డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2. దీని రూపకల్పన అమెరికాకు చెందిన ఆల్కో సంస్థది. 1962లో తొలి ఇంజన్లు అక్కడి నుంచి దిగుమతి అయ్యాయి. 1964 నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో వీటి తయారీ సాగింది. 2,600 అశ్వశక్తి గల ఈ ఇంజన్‌లో 16 సిలిండర్లు ఉంటాయి. ఊరకే నిలిచి ఉన్నప్పుడు అది నిమిషానికి 400 సార్లు, పూర్తి వేగంలో 1,000 సార్లు తిరుగుతుంది.

ఇది నాలుగు స్ట్రోకుల ఇంజన్. అంటే ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. లెక్క వేస్తే, నిలిచి ఉన్నప్పుడు సెకనుకు సుమారు 53 పేలుళ్లు, పూర్తి వేగంలో సుమారు 133 పేలుళ్లు జరుగుతాయి. కడుపులో గుడగుడలాడినట్లుండే ఆల్కో శబ్దానికి మూలం ఇదే. 1999 తరువాత మన దేశంలోకి వచ్చిన జనరల్ మోటార్స్ ఇంజన్లు రెండు స్ట్రోకులవి. వాటి గొంతు పూర్తిగా వేరు. ఒక ఇంజన్ శబ్దాన్ని మరొక దానికి పెడితే షెడ్డులో పనిచేసిన పెద్దలు వెంటనే పసిగడతారు.

మరొక ముఖ్య విషయం గమనించాలి. డీజిల్ ఇంజన్ నేరుగా చక్రాలను తిప్పదు. అది జనరేటర్‌ను తిప్పుతుంది. ఆ విద్యుత్తు చక్రాల వద్ద ఉన్న మోటార్లను నడుపుతుంది. డ్రైవరు చేతిలోని మీటకు 8 మెట్లు ఉంటాయి. మీట పైకి జరపగానే ముందు ఇంజన్ గర్జిస్తుంది, ఆ తరువాతే రైలు కదులుతుంది. మీట కిందికి దించితే రైలు వేగంగా పోతున్నా ఇంజన్ నెమ్మదిస్తుంది. శబ్దం ముందు, కదలిక తరువాత. నమూనాలో సహజత్వం రావాలంటే ఈ వరుస తప్పకూడదు.

డీకోడర్ చేసే పని

పాత బొమ్మరైళ్లలో పట్టాలకు ఇచ్చే విద్యుత్తును పెంచితే రైలు వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. పట్టాల మీద రెండు ఇంజన్లుంటే రెండూ కలిసే కదులుతాయి. డిజిటల్ విధానంలో, అనగా డీసీసీలో, పట్టాలలో ఎల్లవేళలా దాదాపు స్థిరమైన విద్యుత్తు ఉంటుంది. చిన్న నమూనాలకు ఇది సాధారణంగా 14 వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. ఆ విద్యుత్తు దిశ సెకనులో వేలసార్లు మారుతూ ఉంటుంది. ఆ మార్పులలోనే ఆదేశాలు దాగి ఉంటాయి. సగం తరంగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది ‘ఒకటి’, 100 మైక్రోసెకన్లు లేదా అంతకన్న ఎక్కువ ఉంటే అది ‘సున్న’. ఈ ఒకట్లు, సున్నల వరుసలో ఇంజన్ చిరునామా, వేగం, హారన్, దీపం వంటి ఆజ్ఞలు ప్రయాణిస్తాయి. జర్మనీలోని లెంజ్ సంస్థ విధానం ఆధారంగా అమెరికాలోని జాతీయ మోడల్ రైల్‌రోడ్ సంఘం 1990వ దశకంలో ఈ ప్రమాణాలను స్థిరపరచింది. అందువలన ఒక కంపెనీ డీకోడర్ మరొక కంపెనీ కంట్రోలర్‌తో కూడా పనిచేస్తుంది.

డీకోడర్ తన చిరునామాకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే స్వీకరించి మోటారును నడుపుతుంది. సౌండ్ డీకోడర్‌లో వీటికి తోడు నిజమైన ఇంజన్ నుంచి రికార్డు చేసిన ధ్వనులు ఉంటాయి. ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క ధ్వని. వేగాన్ని బట్టి అది ఒకదాని నుంచి మరొకదానికి మారుతుంది. అయితే డీకోడర్ ఒక్కటే కొంటే ప్రయోజనం లేదు. దానికి ఆదేశాలు పంపే డీసీసీ కమాండ్ స్టేషన్ కూడా ఉండాలి. బడ్జెట్ వేసుకునేటప్పుడు ఈ రెండింటినీ కలిపి లెక్కించుకోవడం మంచిది.

పాత నమూనాలో దాగిన ప్రమాదం

పాత నమూనాలను తయారుచేసిన కాలంలో డీకోడర్ అనే వస్తువే లేదు. కాబట్టి వాటిలో వైర్లు ఆదా చేయడానికి లోహపు చట్రాన్నే విద్యుత్ మార్గంగా వాడేవారు. ప్రసిద్ధమైన అథెర్న్ కంపెనీ పాత డీజిల్ నమూనాలు దీనికి ఉదాహరణ. వాటిలో ఒక వైపు పట్టాల విద్యుత్తు చట్రం గుండా మోటారు కింది క్లిప్పుకు చేరుతుంది. రెండవ వైపు విద్యుత్తు పైనున్న లోహపు పట్టీ ద్వారా పై క్లిప్పుకు అందుతుంది.

డీకోడర్ అమర్చాలంటే ఈ పాత మార్గాన్ని పూర్తిగా తెంచాలి. పట్టాల నుంచి వచ్చే విద్యుత్తు మొదట డీకోడర్‌లోకి మాత్రమే పోవాలి. డీకోడర్ నుంచి మాత్రమే మోటారుకు చేరాలి. మోటారు బ్రష్షు ఒక్కటి చట్రాన్ని తాకి ఉన్నా పట్టాల విద్యుత్తు నేరుగా డీకోడర్ మోటారు భాగంలోకి ఎదురు వస్తుంది. మరుక్షణం అది మాడిపోతుంది. డీకోడర్లు కాలిపోయే కారణాలలో ముందు వరుసలో నిలిచేది ఇదే.

పని ప్రారంభానికి ముందు

మొదట నమూనాను పాత పద్ధతిలోనే పట్టాల మీద నడిపి చూడాలి. గతుకులు పడుతూ, ఆగుతూ నడిచే మోటారుకు డీకోడర్ పెట్టడం వృథా. పళ్లచక్రాలలోని పాత గ్రీజు తీసి శుభ్రం చేయాలి. మన ప్రాంతపు ఎర్రదుమ్ము చక్రాలకు పట్టి విద్యుత్తు సరిగా అందనీయదు. చక్రాలను, పట్టాలను తుడవాలి.

తరువాత మోటారు ఎంత కరెంటు తీసుకుంటుందో కొలవాలి. 12 వోల్టులు ఇచ్చి, మల్టీమీటరును ఆంపియర్లలో పెట్టి, చక్రాలను ఒక్క క్షణం కదలకుండా పట్టుకుంటే గరిష్ఠ కరెంటు తెలుస్తుంది. ఆ అంకె డీకోడర్ సామర్థ్యాన్ని మించకూడదు. చిన్న నమూనాలకు వాడే చాలా డీకోడర్లు నిరంతరంగా 1 ఆంపియరు మేరకు మాత్రమే భరిస్తాయి. కొలత ఎక్కువ వస్తే మోటారును మార్చడమే ఉత్తమం.

మోటారును వేరుచేయడం

మోటారును చట్రం నుంచి పైకి తీయాలి. కింది క్లిప్పుకు చట్రాన్ని తాకే కొసలు ఉంటే వాటిని తొలగించాలి. చట్రంలో మోటారు కూర్చునే చోట వేడిని తట్టుకునే ఇన్సులేషన్ టేపు అతికించాలి. పై క్లిప్పుకు తగిలే లోహపు పట్టీని తీసివేయాలి. అటుపిమ్మట మోటారును తిరిగి కూర్చోబెట్టి మల్టీమీటరుతో పరీక్షించాలి. మోటారు బ్రష్షులకు, ఏ చక్రానికీ మధ్య సంబంధం ఉన్నట్టు మీటరు చూపకూడదు. మోటారుకు, చట్రానికీ మధ్య కూడా అంతే. మీటరు ‘బీప్’ అంటే పని పూర్తి కాలేదని అర్థం. ఈ పరీక్ష నెగ్గేవరకు డీకోడర్‌ను పెట్టెలోనుంచి బయటకు తీయకపోవడం శ్రేయస్కరం.

వైర్ల రంగులు

ప్రమాణం ప్రకారం వైర్ల రంగులు నిర్దిష్టంగా ఉంటాయి. ఎరుపు కుడి పట్టాకు, నలుపు ఎడమ పట్టాకు. నారింజ, బూడిద రంగులు మోటారుకు. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనుక దీపానికి. నీలం దీపాలకు ఉమ్మడిగా ధన ధ్రువం. నారింజ వైరు మునుపు కుడి పట్టాతో కలిసి ఉన్న బ్రష్షుకు పోవాలి. ఇంజన్ వెనక్కు నడిస్తే నారింజ, బూడిద వైర్లను తారుమారు చేస్తే సరిపోతుంది.

పాత దీపపు బల్బులు కూడా చట్రాన్ని తాకి ఉండవచ్చు. వాటికి బదులు ఎల్‌ఈడీలు వాడితే మేలు. అయితే ప్రతి ఎల్‌ఈడీకి 1 కిలో ఓమ్ ప్రాంతపు రెసిస్టరు తప్పనిసరి. టంకం పెట్టిన ప్రతి కీలుకూ గొట్టపు తొడుగు వేయాలి. టంకపు పని పిల్లలు చేయదలిస్తే పెద్దలు పక్కనే ఉండాలి. టంకంలో సీసం ఉండవచ్చు కాబట్టి పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

స్పీకరు, దాని పెట్టె

స్పీకరు పొర ముందుకు కదిలినప్పుడు వెనుక వ్యతిరేక తరంగం పుడుతుంది. రెండూ కలిస్తే ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే స్పీకరు వెనుక భాగాన్ని గాలి చొరని చిన్న పెట్టెలో మూయాలి. పెట్టె లేని స్పీకరు ఎంత మంచిదైనా దోమ రొదలాగే వినిపిస్తుంది. సెకనుకు 53 పేలుళ్ల మంద్రధ్వనిని అంత చిన్న స్పీకరు పూర్తిగా పలికించలేదు. దాని పై స్వరాలే వినిపిస్తాయి. పెట్టె ఎంత బాగా మూసుకుంటే అంత నిండుదనం వస్తుంది. నమూనాలో చోటు తక్కువైతే మొబైల్ ఫోన్లలో వాడే చిన్న స్పీకర్లు ఉపకరిస్తాయి. స్పీకరు ఓములు డీకోడర్ చెప్పిన అంకెకు సరిపోవాలి.

తొలి పరీక్ష, అమరికలు

పైకప్పు బిగించక ముందే నమూనాను ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టాలి. అక్కడ కరెంటు పరిమితంగా ఉంటుంది. తప్పు ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడే బయటపడుతుంది, డీకోడర్ బతుకుతుంది. కొత్త డీకోడర్ చిరునామా సాధారణంగా 3. దాన్ని మార్చి ఇంజన్ నంబరులోని చివరి నాలుగు అంకెలు ఇవ్వవచ్చు. నంబరు 17812 అనుకుంటే చిరునామా 7812 అవుతుంది.

తరువాత ‘సీవీ’ అనబడే అంకెల గదులలో విలువలు నింపాలి. సీవీ-3 వేగం పెరగడానికి పట్టే కాలం, సీవీ-4 తగ్గడానికి పట్టే కాలం. ప్రమాణం ప్రకారం సీవీ-3లో 20 పెడితే నిశ్చలస్థితి నుంచి పూర్తి వేగానికి సుమారు 18 సెకన్లు పడుతుంది. తయారీదారును బట్టి ఇది కొంత మారుతుంది. ఈ కాలం తగినంత ఉంటేనే గర్జన ముందు, కదలిక తరువాత అన్న వరుస కుదురుతుంది. సున్న పెడితే ఇంజన్ శబ్దం పెరిగేలోపే బొమ్మ ఎగిరి దూకుతుంది.

ఏ గొంతు ఎంచుకోవాలి?

మార్కెట్లో దొరికే ధ్వనులలో అధికభాగం అమెరికా, ఐరోపా ఇంజన్లవి. డబ్ల్యూడీఎం-2కు దగ్గర బంధువు కావాలంటే 16 సిలిండర్ల ఆల్కో 251 ఇంజన్ ధ్వనిని ఎంచుకోవాలి. అమెరికాలోని సెంచురీ 628, 630 ఇంజన్లలో ఉన్నది ఈ కుటుంబమే. అయితే ఆ ధ్వనులతోపాటు గంట కూడా వస్తుంది. అమెరికా ఇంజన్లకు గంట ఉంటుంది. మన ఇంజన్లకు హారన్ మాత్రమే. కాబట్టి గంట మీటను నిలిపివేయాలి. హారన్ స్వరం కూడా తేడాగానే ఉంటుంది. లెవల్ క్రాసింగ్ వద్ద నిలబడి విన్నవారికి ఆ తేడా తెలుస్తుంది.

కొన్ని డీకోడర్లలో సొంతంగా రికార్డు చేసిన ధ్వనిని ఎక్కించే వీలున్నది. ఇక్కడే సరిహద్దు పల్లెల కుటుంబాలకు ఒక అవకాశం కనిపిస్తుంది. కృష్ణరాజపురం, గుత్తి డీజిల్ షెడ్లలో ఆల్కో ఇంజన్లను చూసుకున్న కార్మికులు, వాటిని నడిపిన డ్రైవర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ మెట్టులో ఇంజన్ ఎలా గర్జిస్తుందో, టర్బో ఈల ఎప్పుడు మొదలవుతుందో వారికి చెవిలో ఉన్నది. పిల్లలు చేసిన నమూనాను వారి ముందు నడిపి, ఏది సరిగా ఉన్నదో, ఏది లేదో అడిగి దిద్దుకోవడం కంటే మంచి పరీక్ష మరొకటి లేదు.

నేటికీ నడుస్తున్న ఆల్కో జాతి ఇంజన్ ఎక్కడైనా కనిపిస్తే, ప్లాట్‌ఫారం మీద నుంచి, పట్టాల దగ్గరకు వెళ్లకుండా, ఫోనులో కొంతసేపు రికార్డు చేసి ఉంచుకోవాలి. నిలిచి ఉన్నప్పటి శబ్దం, కదిలేటప్పటి శబ్దం, హారన్ విడివిడిగా ఉంటే మరింత ప్రయోజనం. కేజీఎఫ్ గనులు 2001లో మూతబడ్డాక అక్కడి యంత్రాల ధ్వనులు మళ్లీ వినే వీలు లేకపోయింది. డీజిల్ ఇంజన్ విషయంలో ఆ వీలు ఇంకా కొంతకాలమే మిగిలి ఉన్నది.