ఇంగ్లీషులో చిక్కుకున్న ఇంటిపేరు

వశిష్ఠ గోదావరికి ఈ గట్టున సఖినేటిపల్లి, ఆ గట్టున నరసాపురం. సఖినేటిపల్లి పేరును ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు చివర కొందరు 'ఐ' పెడతారు, కొందరు 'ఇ' పెడతారు. ఊరికి దీనివల్ల పోయేదేమీ లేదు. అదే తోక మనిషి ఇంటిపేరుకు ఉంటే మాత్రం చిక్కే! మదనపల్లెకు చివర 'ఇ', కూకట్‌పల్లికి 'వై', సర్వేపల్లికి 'ఐ'. తండ్రి దస్తావేజులో ఒక తీరు, కొడుకు డిగ్రీ పట్టాలో ఒక తీరు, పాస్‌పోర్టులో ఇంకొక తీరు పడితే, తండ్రీకొడుకులమని ఋజువు చేసుకోవడానికి అఫిడవిట్లు కావాలి.

నరసాపురం పక్కనే మాధవాయిపాలెం ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవారు అక్కడ వర్తక స్థానం పెట్టి నూలుబట్టలు కొన్నారు. వారి నోట ఆ పేరు 'మాడపోలం' అయింది. చివరకు ఒక రకం తెల్లబట్టకే ఆ పేరు స్థిరపడింది. పాలెం పోయి పోలం మిగిలిందన్నమాట!

దొరల పేర్లు మాత్రం సవ్యంగా ఉన్నాయా? మన గ్రామాల కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ స్కాట్లండువాడు. 1815లో ఇండియాకు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో పోయాడు. 'మ్యాక్' అంటే వారి గేలిక్ భాషలో కొడుకు. మెకంజీ అంటే కెన్నెత్ కొడుకు. ఆ 'మ్యాక్' మూడక్షరాలతో ఉంటే స్కాచివారనీ, రెండక్షరాలతో ఉంటే ఐరిష్‌వారనీ కొందరంటారు. అదేమీ లేదు, రెండోది మొదటిదానికి పొడి అక్షరాలే. అసలు వింత 'జ' దగ్గర ఉంది. పాత స్కాచి వ్రాతలో 'య'ను పోలిన ధ్వనికి ప్రత్యేకమైన అక్షరం ఉండేది. అచ్చువారి దగ్గర ఆ అచ్చు లేక, చూపుకు దగ్గరగా ఉన్న 'జెడ్' వేశారు. వ్రాతను చూచి పలకడం అలవాటై, లేని 'జ' నోటికి వచ్చేసింది.

ఈ దొరకు కుడిభుజంగా నిలిచినవాడు ఏలూరివారైన కావలి వెంకట బొర్రయ్య. 1803లో చిన్న వయసులోనే మరణించాడు. అతని తర్వాత తమ్ముడు లక్ష్మయ్య ఆ పని సాగించాడు. ఇంగ్లీషు పుస్తకాలలో వీరి ఇంటిపేరు 'కావెల్లి' అని కనబడుతుంది. తెలుగు తెలియనివాడు దాన్ని చూచి 'కావలి' అని ఎన్నడు పోల్చుకోగలడు?

అందుకే ఇంటిపేరు మూలం వెదకేవారు ఇంగ్లీషు అక్షరాలను పక్కన పెట్టి, తెలుగు వ్యాకరణాన్ని పట్టుకోవాలి. 'ఊరు' ఇంటిపేరులో 'ఊరి' అవుతుంది: కందుకూరు, కందుకూరి, తంగుటూరు, తంగుటూరి. 'వీడు' 'వీటి' అవుతుంది: కొండవీడు, కొండవీటి. అయితే తెలుగులోనూ వ్రాత మారుతుంది సుమా! బండి 'ఱ' వాడుక తప్పాక గుఱ్ఱం వారు గుర్రం వారయ్యారు. చెళ్లపిళ్ల అని ఒకరు, చెళ్ళపిళ్ళ అని ఇంకొకరు వ్రాస్తారు. ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలిపేయనూ కూడదు. ఒకే పేరుగల ఊళ్లు నాలుగు జిల్లాల్లో ఉంటాయి, ఒకే ఇంటిపేరు వేరు వేరు కులాలవారికీ ఉంటుంది.

ఇక ఇంటిపేరును పొడి అక్షరం చేయడం ఒకటి! రాధాకృష్ణన్‌గారు 1888లో తిరుత్తణిలో పుట్టారు. పూర్వీకుల సర్వేపల్లి నెల్లూరు సీమలో ఉంది. 'ఎస్.' అని ఊరుకుంటే ఆ దారి తెలిసేదెలా?

అన్నిటికంటె త్వరగా మాసిపోయేది ఆడవారి పుట్టింటి పేరు. నాన్నగారి తాతగారి ఇంటిపేరు అడిగితే ఎవరైనా చెబుతారు, అది తమదే కనుక. అమ్మమ్మగారి పుట్టింటి పేరు అడిగి చూడండి, ఎంతమంది తడుముకోకుండా చెప్పగలరో! ఆమె పేరు చివర 'అమ్మ' అని మాత్రమే వ్రాసిన పాత కాగితాలలో అది దొరకదు. దొరికితే శుభలేఖలో దొరుకుతుంది. ఇటువారి పేరూ అటువారి పేరూ, ఊళ్లతో సహా, తెలుగులో పూర్తిగా అచ్చువేసేది అందులోనే. ట్రంకుపెట్టె సర్దేటప్పుడు పసుపు అంటిన ఆ పాత కార్డులను చిత్తుకాగితాలలో కలపకండి.