చిన్న కంప్యూటర్.. కొనే ముందు లెక్క చూసుకోండి
విద్యుత్తు ఆదా సరే.. పాత మానిటర్, ప్రింటర్ పనికొస్తాయా?

కంప్యూటర్ అంటే బల్ల కింద పెద్ద డబ్బా ఉండాలన్న రోజులు మారాయి. మానిటర్ వెనుక బిగించుకోగలిగే మినీ పీసీలు ఇళ్లకు, జిరాక్స్ కేంద్రాలకు, చిన్న కార్యాలయాలకు చేరుతున్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో పాత యంత్రాలు మార్చాలనుకునే వారూ వీటివైపు చూస్తున్నారు. అయితే తక్కువ ధర ఒక్కటే చూసి కొంటే డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంది.

మిగిలేది ఎంత?
80 వాట్లు వాడే పాత డెస్క్‌టాప్‌ను రోజుకు 10 గంటలు నడిపితే నెలకు 24 యూనిట్లు అవుతాయి. 15 వాట్ల మినీ పీసీకి నాలుగున్నర యూనిట్లు చాలు. మానిటర్ వాడకం దీనికి అదనం. యూనిట్‌కు రూ.8 చొప్పున వేసుకున్నా నెలకు మిగిలేది రూ.156. కాబట్టి బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌ను బిల్లు కోసమే పక్కన పెట్టడం లాభసాటి కాదు. అసలు ప్రయోజనం కరెంటు పోయినప్పుడు కనిపిస్తుంది. అదే యూపీఎస్, అదే బ్యాటరీపై మినీ పీసీ చాలా ఎక్కువసేపు నడుస్తుంది. దరఖాస్తు నింపుతుండగా మధ్యలో ఆగిపోయే ఇబ్బంది తగ్గుతుంది.

పనిని బట్టి ఎంపిక
ఇంటర్నెట్, ఉత్తరాలు, ఆన్‌లైన్ పాఠాలు, బిల్లుల తయారీ వంటి నిత్యావసర పనులకు 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్‌100 స్థాయి ప్రాసెసర్ సరిపోతుంది. ఇందులో నాలుగు కోర్లు ఉంటాయి. పెళ్లి వీడియోల ఎడిటింగ్, పెద్ద గేములకు ఇది చాలదు. ‘క్వాడ్‌కోర్’ అని మాత్రమే చెబితే నమ్మకుండా ప్రాసెసర్ పూర్తి పేరు అడగాలి. ర్యామ్ కనీసం 8 జీబీ ఉండాలి. కొన్నింటిలో దానిని బోర్డుకే అతికిస్తారు. అలాంటివాటిలో తర్వాత పెంచుకునే వీలుండదు. నిల్వకు ఈఎంఎంసీ కాకుండా 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నది మేలు.

కార్యాలయాల్లో వాడి అమ్మే డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ వంటివి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్ ఉంటేనే విండోస్ 11కు అధికారిక మద్దతు ఉంటుంది. అంతకన్నా పాతవాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

రాస్‌బెరీ పై ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులకు అనువైనదే. కానీ పేజ్‌మేకర్ వంటి విండోస్ ప్రోగ్రాములు దానిపై నేరుగా నడవవు. అందువల్ల డీటీపీ కేంద్రాలకు అది పనికిరాదు. వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం వాడేవారు వాటి సాఫ్ట్‌వేర్ ఏ వ్యవస్థపై పనిచేస్తుందో ముందే తెలుసుకోవాలి.

వెనుక ఉన్న రంధ్రాలు చూడండి
మినీ పీసీల్లో చాలావాటికి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటుంది. పాత మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంటే కన్వర్టర్ కొనాలి. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు కావాల్సిన ప్యారలల్ పోర్టు సాధారణంగా ఉండదు. కీబోర్డు, మౌస్, ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం అన్నీ కలిపి ఎన్ని యూఎస్‌బీ పోర్టులు కావాలో లెక్కించుకుని వెళ్లాలి.

ఎండ, దుమ్ముతో జాగ్రత్త
ఫ్యాన్ లేని రకాలు చప్పుడు చేయవు, దుమ్మును లోపలికి అంతగా లాగవు. అయితే మండు వేసవిలో రేకుల షెడ్డు కింద వేడెక్కి వేగం తగ్గుతుంది. ఫ్యాన్ ఉన్నవాటిని అప్పుడప్పుడు శుభ్రం చేయాలి. ఏ రకమైనా గాలి ఆడేచోటే బిగించాలి.

బిల్లు, వారంటీ పత్రం, అసలైన విండోస్ లైసెన్స్, అడాప్టర్‌పై బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు ఉన్నాయో లేదో చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి. వీలైతే దుకాణంలోనే సొంత ప్రింటర్‌ను తగిలించి, ఒక కాగితం ముద్రించి చూసుకోవడం ఉత్తమం.