ఎడిటింగ్ టేబుల్ నుంచి మళ్ళీ కోట్‌పల్లికి

విద్యార్థుల షార్ట్ ఫిల్మ్‌కి ఏం తక్కువైందో షూటింగ్ స్పాట్‌లో తెలియదు, ఎడిటింగ్‌లో తెలుస్తుంది. లొకేషన్‌లో ప్రతి షాట్‌నూ విడిగా చూసి బాగుందనుకుంటారు. వాటిని టైమ్‌లైన్ మీద వరుసగా పేర్చాక లోపాలు బయటపడతాయి. పడవ ఎక్కిన కుర్రాడు ఒడ్డుకు దిగిన షాట్ ఉండదు. ఒక షాట్‌లో మడిచి ఉన్న చొక్కా చేతులు తర్వాతి షాట్‌లో విప్పి ఉంటాయి. చెరువు గాలి మైకులో పడి మాట వినిపించదు.

హైదరాబాద్ నుంచి కెమెరా పట్టుకుని వికారాబాద్ జిల్లాకు వచ్చేవాళ్ళకు అనంతగిరి అడవి, కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్ళు, వాటిలో తిరిగే కయాక్‌లు, తాండూరు వైపు నాపరాయి గనులు, కంది చేలు అన్నీ దగ్గర దగ్గరగా దొరుకుతాయి. కానీ ఇక్కడి ప్రకృతి రెండోసారి అదే రూపంలో కనిపించదు. వానలు వెనుదిరిగేనాటికి నిండుగా ఉన్న నీళ్ళు ఎండాకాలంలో వెనక్కి తగ్గి, నటుడు కూర్చున్న ఒడ్డు నీటికి దూరమైపోతుంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిని జూన్, జూలైల్లో విత్తుతారు. అక్టోబరు, నవంబరుల్లో చేలు పసుపు పూతతో ఉంటాయి. పంట కోశాక మిగిలేది మోళ్ళే. నవంబరులో పూత మధ్య సగం తీసిన సన్నివేశాన్ని ఫిబ్రవరిలో పూర్తి చేద్దామంటే చేనే ఉండదు.

ఈ కష్టం సత్యజిత్ రేకూ ఎదురైంది. 1952లో ‘పథేర్ పాంచాలీ’ షూటింగ్ రెల్లుపూల మైదానంలో మొదలైంది. మిగతా భాగం తీయడానికి వారం తర్వాత వెళ్ళేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. మళ్ళీ పూత వచ్చేదాకా ఆగి ఆ సన్నివేశం పూర్తి చేశారు. సినిమా 1955లో విడుదలైంది. సెమిస్టర్ గడువున్న విద్యార్థికి అలా ఆగే వీలుండదు. కాబట్టి మళ్ళీ బండెక్కే ముందు రఫ్ కట్ పూర్తి చేయాలి. దీనికి మినహాయింపు లేదనే చెప్పాలి.

ముందుగా రషెస్, అంటే తీసిన షాట్లు అన్నీ చూసి, పనికొచ్చే టేకులు గుర్తు పెట్టుకుని, క్లాప్ ఆధారంగా మాటనూ బొమ్మనూ కలుపుతారు. ఫోన్‌తో తీసిన వీడియోలో ఫ్రేమ్‌రేటు నిలకడగా ఉండకపోవచ్చు. దాన్ని స్థిరమైన ఫ్రేమ్‌రేటుకు మార్చకపోతే సన్నివేశం సగానికి వచ్చేసరికి పెదవులూ మాటలూ విడిపోతాయి. ఆ తర్వాత కథ మొదటినుంచి చివరిదాకా నడిచేలా, నిడివి గురించి బెంగపడకుండా ఒక వరుస పేరుస్తారు. అదే రఫ్ కట్. రీషూట్ జాబితా పుట్టేది ఈ వరుసను చూసినప్పుడే.

ఆ జాబితాలో చాలా అంశాలు ఎడిటింగ్‌లోనే కొట్టుకుపోతాయి. రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతంలో ఒకే నటుడి ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఇంకోసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడు. ముఖం మారలేదు, చూసేవాళ్ళకు తోచిన భావం మారింది. అందుకే సరిగా పండలేదనుకున్న క్లోజప్‌ను పారేసే ముందు దాని పక్క షాట్‌ను మార్చి చూడాలి. పడవ దిగిన షాట్ లేకపోతే నీటి మీద తెడ్డు, ఆపైన ఒడ్డున తడి చెప్పులు చూపితే చాలు, మిగతాది ప్రేక్షకుడే పూరించుకుంటాడు. గాలికి కొట్టుకుపోయిన మాటకు డబ్బింగ్ ఉంది. తెలుగు సినిమా దశాబ్దాలుగా నడిచింది ఆ దారినే.

ఇంకా మిగిలినవాటిని రెండు రకాలుగా చూడాలి. ఒకటీ అరా షాట్ తక్కువైతే అది ప్యాచ్ వర్క్. సన్నివేశం రాతలోనే బలహీనంగా ఉంటే అసలైన రీషూట్ కావాలి. అక్కడ మళ్ళీ రాయకుండా మళ్ళీ తీస్తే అదే తప్పు ఇంకొంచెం మంచి వెలుగులో కనిపిస్తుంది.

ప్యాచ్ వర్క్‌కు వెళ్ళేటప్పుడు పాత షాట్ల ఫొటోలు ఫోన్‌లో ఉండాలి. అదే లెన్స్, అదే ఎత్తు, అవే బట్టలు, లైఫ్ జాకెట్‌దీ కయాక్‌దీ అదే రంగు. వెలుగు కోసం గడియారాన్ని నమ్ముకుంటే దెబ్బతింటారు. ఈ ప్రాంతంలో నవంబరు మధ్యలో సాయంత్రం 5.40 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది, మార్చి మధ్యకు దాదాపు 6.30 అవుతుంది. కాబట్టి పాత షాట్‌లో నీడ ఎంత పొడవుందో, ఎటు పడిందో చూసి కెమెరా పెట్టాలి. నీరు తగ్గినా చేను కోసేసినా వెడల్పు ఫ్రేమ్ జోలికి వెళ్ళకుండా ముఖానికి దగ్గరగా, కింది కోణంలో ఆకాశం వెనకుండేలా తీస్తే తేడా బయటపడదు. ఇద్దరు మాట్లాడుకునే చోట కెమెరా వాళ్ళ మధ్య ఊహాగీతను దాటకూడదు. దాటితే చూపులు కలవవు.

మాటల్లేకుండా ఆ చోటి శబ్దాన్ని ఒక నిమిషం పాటు రికార్డు చేయడం చాలామంది మరిచిపోయే పని. నవంబరు షాట్‌కూ మార్చి షాట్‌కూ కింద అదే నీటి సవ్వడి, అవే పక్షుల కూతలు ఆగకుండా సాగితే అతుకు చెవికి తగలదు. చెవి ఒప్పుకుంటే కన్ను చాలా తేడాలు పట్టించుకోదు. రంగులు సరిచూసే పని ఆ తర్వాతిది. కొత్త షాట్లు కట్‌లో కుదిరాక, ఇక మార్పులుండవని బొమ్మను లాక్ చేసి, అప్పుడే సంగీతానికి పంపాలి. లాక్ కాని కట్‌కు సంగీతం కట్టించుకుంటే, తర్వాత తీసేసే ప్రతి సెకనుకూ ఆ పని మళ్ళీ చేయించాల్సి వస్తుంది.